బ్యాటరీ సంగతి దరఖాస్తులో దాచకండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో పలాసకు దగ్గరలోని ఒక పల్లె. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ఉండడంతో రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టవలసి వస్తోంది. గాలివాన వస్తే మా ఊళ్లో కరెంటు మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఇంటి మీద 5 కిలోవాట్ల సోలార్, దానికి 10 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టించాలనుకుంటున్నాను. నెలకు సుమారు 280 యూనిట్లు వాడతాం. సర్వీసు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంది. కాంట్రాక్ట్ లోడ్, అంటే మాకు మంజూరైన గరిష్ఠ లోడు, 2 కిలోవాట్లు. బ్యాటరీ ఉందని రాస్తే అనుమతి రాదని, ముందు మామూలు సోలార్‌గా చూపించి తనిఖీ అయ్యాక బ్యాటరీ తగిలిద్దామని డీలరు అంటున్నాడు. పేరు మార్పిడి అక్కర్లేదని, వీధి లైనుకు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కించే నెట్ మీటరు వచ్చేదాకా ఆగకుండా బిగించిన రోజే ఆన్ చేసుకోవచ్చని కూడా చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: డీలరు చెప్పిన మూడు మాటల్లో ఏ ఒక్కటీ వినవద్దని ముందే స్పష్టంగా చెబుతున్నాను. మీ అవసరం నిజమైనది, బ్యాటరీ పెట్టుకోవాలన్న మీ ఆలోచనా సరైనదే. అయితే ఆ బ్యాటరీ మొదటి రోజు నుంచీ దరఖాస్తులోనూ, గీసి ఇచ్చే పటంలోనూ, తనిఖీకి వచ్చిన అధికారి కళ్ల ముందూ ఉండాలి. పేరు మార్పిడి మిగిలిన పనులన్నిటి కన్నా ముందు జరగాలి. ఇక సోలార్ సామర్థ్యాన్ని 5 నుంచి 3 కిలోవాట్లకు తగ్గించుకోమని నా సలహా. ఎందుకో తరువాత వివరిస్తాను.

బ్యాటరీ ఉంటే అనుమతి రాదన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2020 డిసెంబరులో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను తెచ్చింది. వాటికి 2021లో చేసిన సవరణ, కరెంటును నిల్వ చేసుకుని రద్దీ వేళల్లో వాడుకునేలా లేదా కరెంటు లైన్ల వ్యవస్థ అయిన గ్రిడ్‌కు ఇచ్చేలా సోలార్ వినియోగదారులను ప్రోత్సహించే టారిఫ్‌ల గురించి మాట్లాడింది. 2022 సవరణ డీజిల్ జనరేటర్లు వాడేవారిని బ్యాటరీతో కూడిన పునరుత్పాదక విద్యుత్తు వైపు మళ్లమంది. అంటే నియమాలు రాసినవారికి బ్యాటరీ కొత్తదీ కాదు, అభ్యంతరకరమైనదీ కాదు. డీలరు వద్దనడానికి అసలు కారణం వేరే ఉంటుందని నా అనుమానం. బ్యాటరీ చూపిస్తే పటం మార్చి గీయాలి, ఇన్వర్టర్ ధ్రువపత్రాలు అదనంగా జత చేయాలి, విద్యుత్ సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అది ఆయన తీసుకోవలసిన శ్రమ. దాన్ని తప్పించుకోవడానికి ఆయన మీ నెత్తిన పెడుతున్న ప్రమాదం మాత్రం చాలా పెద్దది.

ఆ ప్రమాదం ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, వీధి కరెంటు పోయిన 2 సెకన్లలోపు తానూ ఆగిపోవాలి. ఐఎస్ 16169 అనే భారతీయ ప్రమాణం పరీక్షించేది దీన్నే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన సాంకేతిక నిబంధనల సారాంశమూ ఇదే. అందువల్ల బ్యాటరీ లేని సోలార్ ఎంత ఎండ కాస్తున్నా కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలిగించదు. చాలామందికి ఈ సంగతి బిగించుకున్నాక గానీ తెలియదు. మీకు కావలసింది హైబ్రిడ్ ఇన్వర్టర్. ఇది వీధి కరెంటు పోగానే లోపల ఉన్న రిలేతో గ్రిడ్ నుంచి పూర్తిగా విడిపోయి, బ్యాకప్ అని రాసి ఉన్న వేరే టెర్మినళ్ల ద్వారా మీరు ఎంచుకున్న కొన్ని పాయింట్లకు మాత్రమే కరెంటు ఇస్తుంది. ఆ పాయింట్లకు పోయే వైరింగు ఇంటి మెయిన్ బోర్డుతో ఎక్కడా కలవకూడదు.

ఇది సరిగ్గా జరగకపోతే, ఉదాహరణకు దొంగచాటుగా తగిలించిన బ్యాటరీ సెట్టును ఎవరైనా, వీధి కరెంటు, బ్యాటరీ రెండిట్లో ఒకదాన్నే కలిపి ఉంచే చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా మెయిన్ బోర్డులోకే కలిపేస్తే, మీ ఇంటి 230 వోల్టులు సర్వీసు వైరు గుండా వెనక్కి ప్రవహించి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటూ అటూ అన్న తేడా లేదు. 11 కిలోవోల్టులను ఇంటి కరెంటుగా దించే ఆ యంత్రమే, వెనుక నుంచి కరెంటు ఇస్తే దాన్ని 11 కిలోవోల్టుల దిశగా పెంచుతుంది. లైన్ చచ్చిపోయిందనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్ దాన్ని చూడలేడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ ప్రాంతంలోనే తీరం దాటింది. నేలకూలిన స్తంభాలను మళ్లీ నిలబెట్టి ఊరూరికీ కరెంటు తెచ్చిన మనుషులు ఏ స్థితిలో పని చేశారో మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు బ్యాటరీ వాడేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే, వాళ్లు తీగలెక్కేదీ అలాంటి రోజుల్లోనే. అనుమతి అనేది ఎందుకు ఉండాలంటే దీనికోసమే ఉండాలి. దీన్ని కాగితాల తంతుగా చూడవద్దని మిమ్మల్ని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మీ వైపు నుంచి చూసినా దాచడం నష్టమే. ఒప్పందంలో లేని పరికరం బయటపడితే కనెక్షన్ విడదీయడానికి కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కంకు మీరే ఆస్కారం ఇచ్చినట్లవుతుంది. ఇంట్లో అగ్నిప్రమాదం జరిగితే, అనుమతి లేని బ్యాటరీ గురించి బీమా సంస్థ అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

దరఖాస్తులో ఏం చూపించాలన్నది ఇప్పుడు చూద్దాం. డీలరు సమర్పించే వైరింగు పటంలో, అంటే సింగిల్ లైన్ డయాగ్రమ్‌లో ప్యానెళ్లు, డీసీ పెట్టె, హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ సామర్థ్యం, దాని రకం, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య బ్రేకర్, బ్యాకప్ పాయింట్ల కోసం విడిగా పెట్టిన డిస్ట్రిబ్యూషన్ బోర్డు, మీటరు దగ్గర లైన్‌మన్ చేతికి అందే ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్), ఇవన్నీ కనిపించాలి. పటాన్ని మీరు స్వయంగా చూసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఇన్వర్టర్‌కు ఐఎస్ 16221, ఐఎస్ 16169 రెండు ధ్రువపత్రాలూ, మీరు కొంటున్న అదే మోడల్ నంబరుతో ఉన్నవి అడిగి తీసుకోండి. అదే కంపెనీ వేరే మోడల్‌కు ఇచ్చిన పత్రం పనికిరాదు. లిథియం బ్యాటరీ అయితే ఐర‌న్ ఫాస్ఫేట్ రకం ఎంచుకుని, బ్యాటరీ భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62619 పరీక్షా నివేదిక అడగండి. బ్యాటరీని గాలి ఆడే చోట, ఎండా వానా తగలకుండా, వరద నీరు అందని ఎత్తులో పెట్టించండి. అమ్మగారు పడుకునే గదిలో మాత్రం వద్దు.

వైరింగులో ఒక సూక్ష్మం ఉంది. దీన్ని అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్లు కూడా కొన్నిసార్లు వదిలేస్తారు కనుక కాస్త ఆగి చెబుతాను. వీధి కరెంటు ఉన్నంత సేపూ మీ ఇంటి న్యూట్రల్‌కు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్‌తో సంబంధం ఉంటుంది. హైబ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి విడిపోయిన క్షణంలో న్యూట్రల్‌ను కూడా విడదీస్తే ఆ సంబంధం తెగిపోతుంది. అప్పుడు ఎవరికైనా షాక్ తగిలినా, కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే భద్రతా స్విచ్ అయిన ఆర్‌సీసీబీ పడిపోకపోవచ్చు. అందువల్ల బ్యాకప్‌లో ఉన్నప్పుడు న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపే రిలే ఇన్వర్టర్‌లోనే ఉందా, లేక బయట పెట్టాలా అన్నది తయారీదారు మాన్యువల్ చూసి తేల్చమనండి. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ ఈ లోపాన్ని పట్టివ్వదు, ఎందుకంటే ఆ బటన్ ఎర్త్‌తో పని లేకుండానే పరికరాన్ని పడగొడుతుంది. ఆర్‌సీసీబీ టెస్టర్ యంత్రంతో, ఇన్వర్టర్ బ్యాకప్‌లో నడుస్తుండగా పరీక్షించమనాలి. అలాగే బ్యాకప్ బోర్డు న్యూట్రల్, మెయిన్ బోర్డు న్యూట్రల్ ఒకదానితో ఒకటి ఎక్కడా కలిసిపోకుండా చూడమనండి. పాత ఇళ్లలో రెండు గదులకు ఒకే న్యూట్రల్ లాగి ఉండడం మామూలు కనుక, ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి.

సామర్థ్యం విషయానికి వస్తే, మన ఎండకు 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్ల వరకూ ఇస్తాయి. 3 కిలోవాట్లు నెలకు 350 యూనిట్ల దాకా ఇవ్వగలవు. మీ వాడకం 280. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన గృహ టారిఫ్‌లో 226 నుంచి 400 యూనిట్ల మధ్య యూనిట్ ధర 8.75 రూపాయలు. మీ బిల్లులో పై భాగం ఆ శ్లాబులోనే ఉంటుంది కాబట్టి నెట్ మీటరింగ్ ముందుగా ఆ ఖరీదైన యూనిట్లనే తగ్గిస్తుంది. అంతకు మించి ఉత్పత్తి చేసి గ్రిడ్‌కు మిగిల్చే యూనిట్లకు వచ్చే ధర, మీరు కొనే ధర కన్నా బాగా తక్కువ. పైగా ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం రాయితీ మొదటి 2 కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. 5 కిలోవాట్లు పెట్టినా అంతే. ఈ లెక్కలో ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే తీసుకుంటారు. ప్యానెళ్లు దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి. బ్యాటరీకి రాయితీ లేదు, దాని ఖర్చంతా మీదే.

బ్యాటరీని మాత్రం తగ్గించవద్దు. నిమిషానికి 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. అది రాత్రి 10 గంటలు నడిస్తే 3.5 యూనిట్లు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపితే రాత్రికి 5 యూనిట్లు దాటుతుంది. 10 యూనిట్ల బ్యాటరీ ఉంటే ఒక రాత్రి గడిచాక మరునాడు మబ్బు పట్టి సోలార్ సరిగ్గా అందకపోయినా రెండో రాత్రికి కొంత మిగులుతుంది. తుపాను రోజుల్లో ఎండ ఉండదన్నది గుర్తుంచుకోవాలి. నీళ్ల మోటారు, ఏసీ, గీజరు బ్యాకప్ బోర్డుకు కలపవద్దు. కలిపితే 3 కిలోవాట్ల ఇన్వర్టర్ మోటారు స్టార్ట్ అయిన క్షణంలోనే ట్రిప్ కావచ్చు, కాన్సన్‌ట్రేటర్ కూడా దానితోపాటే ఆగిపోతుంది. నెట్ మీటరింగ్‌లో పగటి మిగులును గ్రిడ్ లెక్కలోనే జమ వేసుకోవచ్చు కాబట్టి, బ్యాటరీ వల్ల బిల్లు ఇంకా తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మీరు దాన్ని కొంటున్నది కరెంటు లేని రాత్రుల కోసం మాత్రమే. అందుకే ఇన్వర్టర్ సెట్టింగుల్లో బ్యాటరీ నుంచి గ్రిడ్‌కు ఎగుమతిని ఆపివేయించి, ఆ సంగతి దరఖాస్తుతో ఇచ్చే లేఖలో రాయండి. ఏఈకి వచ్చే సందేహాల్లో సగం అక్కడే తీరతాయి.

కాంట్రాక్ట్ లోడ్ 2 కిలోవాట్లే ఉందన్న భయం అవసరం లేదు. వినియోగదారుల హక్కుల నియమాలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, అన్ని వివరాలూ సరిగ్గా ఉన్న 10 కిలోవాట్లలోపు దరఖాస్తును సాంకేతిక సాధ్యతా పరిశీలన లేకుండానే ఆమోదించినట్లు భావించాలి. దానికి తగ్గట్టు లోడు పెంచవలసిన బాధ్యత డిస్కందే. 5 కిలోవాట్ల వరకూ లైనునో ట్రాన్స్‌ఫార్మర్‌నో పటిష్ఠం చేయవలసి వస్తే ఆ ఖర్చు కూడా డిస్కమే పెట్టుకోవాలి. ప్లాంటును ప్రారంభించే గడువును 30 రోజుల నుంచి 15 రోజులకు తగ్గించారు. ఇక్కడ ‘అన్ని వివరాలూ సరిగ్గా’ అన్న షరతు మీద దృష్టి పెట్టండి. బ్యాటరీని దాచిన దరఖాస్తు ఆ షరతును నెరవేర్చదు. లోడు పెరిగితే నెలనెలా కట్టే స్థిర ఛార్జీ కొద్దిగా పెరుగుతుంది, సోలార్ వచ్చాక కూడా అది కడుతూనే ఉండాలి.

పేరు మార్పిడిని మొదటి పనిగా పెట్టుకోమనడానికి కారణం ఉంది. నెట్ మీటరింగ్ ఒప్పందం మీద సంతకం చేయవలసింది సర్వీసు ఎవరి పేరు మీద ఉందో వారు. రాయితీ జమ కావలసిన బ్యాంకు ఖాతా పేరు కూడా దానితో సరిపోవాలి. నాన్నగారి పేరుతో దరఖాస్తు ముందుకు పోయినా, చివర్లో రాయితీ దగ్గర ఆగిపోతుంది. అప్పటికి డబ్బంతా ఖర్చు పెట్టేసి ఉంటారు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, అమ్మగారూ తోబుట్టువులూ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు సాధారణంగా అడుగుతారు. పాత బకాయి ఏదైనా ఉంటే ముందు కట్టేయండి. సర్వీసు ఎవరి పేరుకు మార్చినా ఆధార్‌లోనూ, బ్యాంకు పుస్తకంలోనూ, కరెంటు బిల్లులోనూ ఇంటిపేరు, అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. అమ్మగారి పేరుకు మార్చడం కన్నా, కుటుంబం ఒప్పుకుంటే, మీ పేరుకే మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. తనిఖీలకూ సంతకాలకూ ఆవిడను ఇబ్బంది పెట్టే పని ఉండదు.

బిగించిన రోజే ఆన్ చేయవచ్చన్న సలహా మీకు నేరుగా డబ్బు నష్టం తెచ్చేది. ఇళ్లలో ఉండే మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు వస్తోందా, పోతోందా అన్న తేడా ఉండదు. ఏ దిశలో ప్రవహించినా వాడకంగానే నమోదు చేస్తాయి. అంటే పగలంతా మీరు గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటుకు మీకే బిల్లు వస్తుంది. అనుమతి లేకుండా గ్రిడ్‌కు కలపడం అన్న తప్పు దీనికి అదనం. నెట్ మీటరు డిస్కం ప్రయోగశాలలో పరీక్ష పూర్తయ్యాకే బిగిస్తారు. ఆలస్యం ఎక్కువగా జరిగే దశ ఇదే కాబట్టి, మీటరు ఎప్పుడు పరీక్షకు వెళ్లింది, ఎప్పుడు తిరిగి వచ్చింది అని డీలరును అడుగుతూ ఉండండి. డీలరుకు ఇచ్చే డబ్బులో గణనీయమైన భాగాన్ని నెట్ మీటరు బిగించి, ప్లాంటు ప్రారంభమైన తరువాతే ఇస్తానని ముందే ఒప్పందంలో రాయించుకోండి. బతిమాలడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

తనిఖీకి ఏఈ వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉండండి. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ గ్రిడ్ వైపు టెర్మినళ్లలో కరెంటు లేదని మల్టీమీటరుతో చూపించమని మీరే కోరండి. బ్యాకప్ బోర్డు మాత్రం పనిచేస్తూ ఉండాలి. మళ్లీ మెయిన్ వేశాక ఇన్వర్టర్ వెంటనే గ్రిడ్‌తో కలవకుండా, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కనీసం 60 సెకన్లు నిలకడగా ఉన్నాకే కలవాలి. ఎర్త్ గుంతలు ఏసీకి, డీసీకి, పిడుగు నిరోధకానికి విడివిడిగా మూడు ఉన్నాయో చూపించండి. మీది తీరప్రాంతం కాబట్టి ప్యానెళ్ల స్టాండు ఏ గాలివేగానికి తట్టుకునేలా చేశారో డీలరు సంతకంతో కాగితం తీసుకోండి. కట్టడాల మీద గాలి ఒత్తిడిని లెక్కించే ఐఎస్ 875 మూడో భాగం, మీలాగే తీరాన ఉన్న విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల ప్రాథమిక గాలివేగాన్ని నిర్దేశించింది. మీటరు దగ్గరా, ఐసొలేటర్ దగ్గరా ‘సోలార్, బ్యాటరీ ఉన్నాయి’ అని తెలుగులో చెరిగిపోని బోర్డు పెట్టించండి. మీ ఊరి లైన్‌మన్‌ను పిలిచి ఐసొలేటర్ ఎక్కడుందో చూపించండి. ఏ నిబంధన అడిగినా అడగకపోయినా ఈ పని చేయండి.

బ్యాటరీ ఉందన్న కారణంతో ఎవరైనా దరఖాస్తు తీసుకోకపోతే, ఏ నిబంధన ప్రకారం తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. నోటిమాటగా వచ్చే అభ్యంతరాలు చాలావరకూ ఆ దశలోనే పోతాయి. పోకపోతే ఏఈ పై అధికారికి రాయండి, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ తరువాత మీ ప్రాంతపు డిస్కం అయిన ఈపీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ రెండు చోట్లా న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. డబ్బు సర్దుబాటు కాక బ్యాటరీని ఆరు నెలలు ఆగి కొనాలనుకున్నా ఫరవాలేదు. అలాంటప్పుడు కూడా ఇప్పుడే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టి, బ్యాటరీ తరువాత వస్తుందని పటంలో చూపించి, కొన్న రోజున మార్చిన పటంతో సెక్షన్ ఆఫీసులో లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి.

పేరు మార్పిడి నుంచి నెట్ మీటరు వరకూ ఇదంతా ముగిసేలోపు ఒక తుపాను రావచ్చు. కాబట్టి అమ్మగారి కోసం ఈ వారమే ఒక ప్యూర్ సైన్ వేవ్ హోమ్ యూపీఎస్, ట్యూబ్యులర్ బ్యాటరీ కొని కాన్సన్‌ట్రేటర్ పాయింటుకు మాత్రమే కలిపించండి. అది గ్రిడ్‌కు కరెంటు పంపే పరికరం కాదు కనుక నెట్ మీటరింగ్ అనుమతితో దానికి పని లేదు, సోలార్ వచ్చాక కూడా రెండో ఆసరాగా ఉంటుంది. స్క్వేర్ వేవ్ రకం చవకగా వస్తుంది గానీ కాన్సన్‌ట్రేటర్ కంప్రెసర్‌కు అది మంచిది కాదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు, వాడకంలో ఆ యంత్రాన్ని మూడు నాలుగు గంటలకు మించి నడపలేదు. అందువల్ల డాక్టరుగారిని అడిగి, నింపిన ఆక్సిజన్ సిలిండరు ఒకటి రెగ్యులేటరుతో సహా ఇంట్లో ఉంచండి.